పైన నిదానపు ఇంజన్ మాట, కింద తొందర ఇంజన్ మాట

నా బొమ్మ రైలు ఇంజన్లు రెండూ విడివిడిగా చక్కగా నడిచాయి. జత కట్టి, వెనక పన్నెండు వ్యాగన్లు తగిలించి కదిలించాను. ముందున్న ఇంజన్ చక్రాలు గిర్రున జారుతున్నాయి, వెనకది మాత్రం తన నడక తాను నడుస్తోంది. సన్నగా కీచుమనే చప్పుడు. సరే అని నిదానందాన్ని ముందుకు, వేగందాన్ని వెనక్కి మార్చాను. స్ట్రెయిట్‌లో బాగానే పోయింది. కిటికీ పక్కనున్న వంపులోకి రాగానే వెనకది ముందుదాని తోకను బయటివైపుకు నెట్టేసింది. ముందు ఇంజన్ పట్టాలు దిగి పక్కకు ఒరిగింది. రెండింటికీ నేను పంపిన ఆదేశం ఒక్కటే: 28 వేగపు మెట్లలో 14వ మెట్టు.

నల్లగొండలో నాది మోటర్ వైండింగ్ షాపు. బోరు మోటర్లు విప్పడం, కట్టడం, మళ్ళీ రైతు చేతిలో పెట్టడం నా పని. రాత్రి షాపు మూసి వచ్చాక, ఇంకా ఆదివారాలు, మేడ మీద రేకుల గదిలో ఈ చిన్న రైళ్లతో గడుపుతాను. నావి హెచ్‌ఓ స్కేలువి, అంటే అసలు బండిలో 87వ వంతు. పట్టాల మధ్య వెడల్పు 16.5 మిల్లీమీటర్లు. మన బ్రాడ్ గేజ్ 1,676 మిల్లీమీటర్లు కాబట్టి లెక్క ప్రకారం 19 మిల్లీమీటర్ల పైన ఉండాలి, కానీ దొరికే ఇంజన్లన్నీ ఈ వెడల్పుకే వస్తాయి. జత కట్టిన రెండూ పాత ఆల్కో డీజిల్ రకం. ఒకదానికి ఎరుపు, ఒకదానికి నీలం రంగు నేనే వేశాను. తయారుచేసినవాళ్ళు వేరు, లోపలి డీకోడర్లు వేరు.

డీకోడర్ అంటే ఏమిటో తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. పాత పద్ధతిలో పట్టాల్లో కరెంటు పెంచితే ఇంజన్ వేగం పెరుగుతుంది, తగ్గిస్తే తగ్గుతుంది, పట్టాల మీద ఉన్నవన్నీ ఒకేసారి కదులుతాయి. డీసీసీ అనే డిజిటల్ పద్ధతిలో పట్టాల్లో ఎప్పుడూ పూర్తి వోల్టేజీ ఉంటుంది. అది అటూఇటూ తిరగబడుతూ ఉంటుంది, ఆ తిరగబడే వ్యవధిలోనే సందేశం దాగి ఉంటుంది. ఒక్కో సగం 58 మైక్రోసెకన్లయితే 'ఒకటి', 100 మైక్రోసెకన్లు లేదా అంతకంటే ఎక్కువైతే 'సున్నా'. జర్మనీలోని లెంజ్ కంపెనీ చేసిన పనిని పునాదిగా తీసుకుని 1990లలో అమెరికాలోని నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ దీన్ని అందరికీ ఒకే ప్రమాణంగా మార్చింది. ఇంజన్ పొట్టలోని చిన్న బోర్డు తన నంబరుకు వచ్చిన సందేశాన్ని మాత్రమే చదివి, మోటర్‌కు కరెంటు వదులుతుంది. ఎంత వదలాలి, ఎలా వదలాలి అన్నది ఆ బోర్డు జ్ఞాపకంలో అంకెలుగా ఉంటుంది. ఒక్కో గడిని సీవీ అంటారు.

ఇక్కడే చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. 14వ మెట్టు అంటే గంటకు ఇన్ని కిలోమీటర్లు అని కాదు. మోటర్‌కు ఎంత కరెంటు వదలాలో చెప్పే మాట అది. ఆ కరెంటుతో బండి ఎంత వేగంగా పోతుందో మోటర్ చెప్పాలి, గేర్లు చెప్పాలి, గ్రీజు చెప్పాలి.

మా మేనల్లుడు హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. వాడికీ ఈ పిచ్చి అంటుకుంది. పోయిన సెలవుల్లో వచ్చినప్పుడు అడిగాడు.

"మామా, అసలు రైళ్లకు కూడ రెండు ఇంజన్లు పెడతరు కదా. అవి మాత్రం ఒక్క తీరుగ ఉంటయా? వాటిని ఎవరు మ్యాచ్ చేస్తున్నరు?"

"ఎవరూ చేయరు బిడ్డా."

"మరి మనమెందుకు చేయాలె?"

మంచి ప్రశ్న. ఈ వ్యాసం రాయడానికి కారణమే అది. "చిన్న తేడాలుంటే ఏమవుతుంది, జత కట్టి నడిపిస్తే అవే సర్దుకుంటాయి" అనే మాట వాడొక్కడిదే కాదు, ఎందరో అంటుంటారు. నేను ఒప్పుకోను. ఎందుకో చెప్తాను.

విష్ణుపురం వైపు నుంచి సిమెంటు వేసుకుని మా ఊరి మీదుగా పోయే గూడ్సులకు రెండేసి ఇంజన్లు కట్టడం చూస్తుంటాం. రెండింటి మధ్య కేబుళ్లు ఉంటాయి, ముందు ఇంజన్‌లోని డ్రైవరు రెండింటినీ నడిపిస్తాడు. ఒకటి నిన్న షెడ్డు నుంచి వచ్చిందై ఉండొచ్చు, ఇంకొకటి చక్రాలు అరిగి వ్యాసం తగ్గిందై ఉండొచ్చు. అయినా అవి కొట్లాడుకోవు. కారణం మోటర్లలో ఉంది. పాత డీజిల్ ఇంజన్లలోవి సిరీస్ డీసీ మోటర్లు. బరువు పడితే వేగం తగ్గించుకుని బలం పెంచుతాయి, బరువు తగ్గితే వేగం పెంచుకుంటాయి. మొండిపట్టు లేదు. మా షాపుకు వచ్చే ఇండక్షన్ మోటర్లకైనా ఆ గుణం ఉంది. నాలుగు పోళ్ల మోటర్‌కు 50 సైకిళ్ల కరెంటు మీద రావాల్సింది 1,500 చుట్లు, నేమ్‌ప్లేటు మీద ఉండేది 1,440. ఆ అరవై చుట్ల వెసులుబాటే దాని సర్దుబాటు. రెండు మోటర్లను ఒకే షాఫ్ట్‌కు బిగిస్తే, ముందుకు ఉరికేది కాస్త ఎక్కువ బరువు మోసి, జారి, రెండోదానితో కలిసిపోతుంది.

చిట్యాల దగ్గర మా పొలంలో నాయిన అరక కట్టేటప్పుడు చూసేవాణ్ణి. దాపటెద్దు ముసలిది, వలపటెద్దు కోడె. కాడికీ నాగలికీ మధ్య కట్టును సరిగ్గా నడుమ వేయకుండా నాలుగు వేళ్ళంత కోడె వైపుకు జరిపేవాడు. దాంతో బరువు ఎక్కువ భాగం కోడె మెడ మీద పడేది, ముసలిదానికి తేలికయ్యేది. రెండూ ఒకే అడుగున నడిచేవి. వేగం సమానంగా ఉన్నా మోసే బరువు సమానం కాదు. అసలు రైలు ఇంజన్ల జత కూడా ఇలాగే పనిచేస్తుంది.

మన చిన్న ఇంజన్ అలా చేయలేదు. మూత తీసి లోపలికి చూస్తే కారణం తెలుస్తుంది. మధ్యలో మోటర్, దాని షాఫ్ట్‌కు రెండు వైపులా ఇత్తడి ఫ్లైవీల్, చివర మరలాగా తిరిగిన వర్మ్ గేరు, దాని కింద చక్రాలకు పోయే పళ్ల గేరు. ఫ్లైవీల్‌ను వేలితో తిప్పండి. అది ఎన్నో చుట్లు తిరిగితే చక్రం మెల్లగా ఒక చుట్టు తిరుగుతుంది. ఇప్పుడు చక్రాన్ని తిప్పి చూడండి, చాలా మెల్లగా, బలవంతం వద్దు. కదలదు. గోడకు బిగించిన మరను పక్క నుంచి నెట్టినట్టే ఉంటుంది. వర్మ్ చక్రాన్ని తిప్పగలదు, చక్రం వర్మ్‌ను తిప్పలేదు.

అంటే వేగం ఇంజన్ లాగుతున్నప్పుడు నిదానపు ఇంజన్ వెంట దొర్లదు. దానికి చేతనైన ఒకే పని, తన మోటర్ చెప్పిన వేగానికి మించి చక్రాన్ని తిరగనివ్వకుండా బ్రేకులాగా నిలబడటం. తేడా ఎంత చిన్నదైనా, ఆ తేడా అంతా చక్రానికీ పట్టాకీ మధ్య జారుడుగానే తేలాలి. చక్రాల మీది రబ్బరు టైర్లు అరుగుతాయి, మోటర్లు ఎక్కువ కరెంటు లాగుతాయి, సాధారణంగా ఒక యాంపియర్‌కు తయారైన ఆ చిన్న డీకోడర్ వేడెక్కుతుంది. "అవే సర్దుకుంటాయి" అన్న మాట వర్మ్ గేరు దగ్గర ఆగిపోతుంది. అందుకే మనమే సర్దాలి.

ముందు కొలవాలి. నా పద్ధతి చిన్నది. స్ట్రెయిట్‌లో సరిగ్గా ఒక మీటరు దూరాన, పట్టాల కింద అడ్డంగా ఉండే రెండు స్లీపర్లకు తెల్ల చుక్కలు పెట్టాను. ముందు చక్రం మొదటి చుక్క దాటినప్పుడు ఫోన్‌లో స్టాప్‌వాచ్ నొక్కుతాను, రెండో చుక్క దగ్గర ఆపుతాను. 313ని ఆ సెకన్లతో భాగిస్తే హెచ్‌ఓ స్కేలులో గంటకు ఎన్ని కిలోమీటర్లో వస్తుంది. మీటరుకు 87 పెట్టి, సెకన్లను గంటకు మార్చే 3.6తో గుణిస్తే వచ్చే అంకె అది. ఆ రోజు 14వ మెట్టులో నీలిది 6.1 సెకన్లు, ఎర్రది 7.4 సెకన్లు తీసుకున్నాయి. అంటే 51 కిలోమీటర్లు, 42 కిలోమీటర్లు. వినడానికి తొమ్మిదే కదా అనిపిస్తుంది. కానీ నిమిషం తిరిగేసరికి రెండింటి మధ్య మీటరు డెబ్భై సెంటీమీటర్ల ఎడం వస్తుంది. ఆ మీటరు డెబ్భై మొత్తాన్నీ జత కట్టినప్పుడు చక్రాలు జారి పూడ్చుకోవాలి.

కొలిచాక అందరికీ కలిగే మొదటి కోరిక, కంప్యూటర్ తెరిచి అంకెలు మార్చేయడం. ఆగండి. షాపుకు కాలిన మోటర్ తెస్తే నేను ముందు వైండింగ్ చూడను. షాఫ్ట్ పట్టుకుని చేత్తో తిప్పి చూస్తాను. బేరింగ్ పట్టేసి ఉంటే, కొత్త రాగి తీగ ఎంత బాగా చుట్టి ఇచ్చినా పది రోజుల్లో మళ్ళీ అదే రైతు అదే మోటర్‌తో వస్తాడు. ఇక్కడా అంతే. ఎర్రదాని గేరు పెట్టె విప్పితే పాత గ్రీజు మైనంలా గడ్డకట్టి ఉంది. కడిగి, ప్లాస్టిక్‌కు హాని చేయని తేలికపాటి గ్రీజు కొద్దిగా పెట్టి, మళ్ళీ కొలిస్తే 14వ మెట్టులో 7.4 సెకన్లది 6.8 అయింది. ఒక్క అంకె మార్చకుండానే తేడా సగం దాకా పోయింది. ఆ గడ్డ గ్రీజు మీదే అంకెలు సర్ది ఉంటే, గ్రీజు కరిగిన రోజున అవన్నీ తప్పయ్యేవి.

కరగడం అంటే గుర్తొచ్చింది, మన ఎండ. ఒకసారి పొద్దున ఆరింటికి, గది చల్లగా ఉందని కూర్చుని రెండింటినీ తూచినట్టు కలిపాను. మధ్యాహ్నం వచ్చి చూస్తే మళ్ళీ విడిపోయాయి. ఏప్రిల్‌లో నల్లగొండ రేకుల గది ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. రాగి తీగ నిరోధం డిగ్రీకి 0.4 శాతం చొప్పున పెరుగుతుంది. ఇరవై డిగ్రీలు ఎక్కితే 8 శాతం. దానికి తోడు గ్రీజు పలచబడుతుంది, అయస్కాంతం బలం కొంచెం తగ్గుతుంది. రెండు మోటర్లూ ఒకే మోతాదులో మారవు. ఇప్పుడు నేను ఏ కొలతకైనా ముందు ఒక్కో ఇంజన్‌ను పది నిమిషాలు ముందుకు, పది నిమిషాలు వెనక్కి నడుపుతాను. నడిచే వేళకే కొలుస్తాను, అంటే సాయంత్రం. చల్లటి ఇంజన్ మీద తీసిన కొలత, సాఫ్ట్‌వేర్ తీసినా మనిషి తీసినా, నా దృష్టిలో లెక్కలోకి రాదు.

ఇప్పుడు అసలు మాట. వేగం కలపడం అంటే రెండింటికీ మధ్యలో ఒక వేగం చూసుకోవడం అనుకుంటారు. అలా కుదరదు, ఎందుకంటే రెండు చివర్లలో నియమం వేరు.

పై చివర చూడండి. గ్రీజు మార్చాక 28వ మెట్టులో ఎర్రది మీటరుకు 3.3 సెకన్లు, అంటే 95 కిలోమీటర్లు. నీలిది 2.6 సెకన్లు, 120 కిలోమీటర్లు. ఎర్రదానికి అప్పటికే పూర్తి కరెంటు అందుతోంది. ఇంకా ఇవ్వడానికి ఏమీ లేదు. కాబట్టి నీలిదాన్నే కిందికి దించాలి. దానికి సీవీ 5 అనే గడి ఉంది, అత్యధిక వేగానికి ఎంత వదలాలో చెప్పేది. 255 దగ్గర మొదలుపెట్టి ఐదైదు తగ్గిస్తూ, ప్రతిసారీ కొలుస్తూ వస్తే చివరికి 3.3 సెకన్ల దగ్గర కుదిరింది. పైన నిదానపు ఇంజన్ మాటే చెల్లుతుంది. దీన్ని ఎవరైనా ఒప్పుకుంటారు.

కింది చివరకు వచ్చేసరికి మాత్రం చాలామంది ఇదే నియమం వాడేస్తారు. నీలిది మొదటి మెట్టులో స్లీపరు స్లీపరు లెక్కపెట్టుకుంటూ పాకుతుంది, చూడముచ్చటగా ఉంటుంది. అందుకని దాని పాకుడే కొలబద్దగా పెట్టుకుని ఎర్రదాన్ని కూడా అంత నిదానానికి తేవాలని చూస్తారు. నేనూ మూడు వారాలు అదే చేశాను. ఎర్రది అంత తక్కువ కరెంటుకు కదలనే కదలదు, కదిలితే జెర్కుతో కదిలి మళ్ళీ ఆగుతుంది. ఆగకుండా నడవగలిగిన దాని అతి తక్కువ వేగం మీటరుకు 52 సెకన్లు, అంటే 6 కిలోమీటర్లు. అంతకంటే నిదానం దాని చేతిలో లేదు. నీలిదానికేమో ఆరు కిలోమీటర్లు చాలా తేలిక. కాబట్టి ఎర్రదాని సీవీ 2ను, అంటే కదలడానికి ఇచ్చే మొదటి ఊతాన్ని, అది నున్నగా బయలుదేరే చోట పెట్టి, నీలిదాని సీవీ 2ను పెంచి దాన్నీ ఆరు కిలోమీటర్లకు తేవాలి. కింద తొందర ఇంజన్ మాటే చెల్లాలి, ఇక్కడ ఆ తొందరది ఎర్రదే. నీలిదాని అందమైన పాకుడు జతలో పోతుంది. బాధగానే ఉంటుంది, ఒప్పుకుంటాను. ఒంటరిగా షంటింగ్ చేసే రోజున దాని పాత అంకెలు దానికి తిరిగి ఇస్తాను.

రెండు చివర్లూ కలిశాక నడుమ భాగం సగం తనంతట తానే కలుస్తుంది. మిగతాది సీవీ 6, మధ్య వేగం. అది 2కీ 5కీ నడుమ అంకె అయి ఉండాలి. 14వ మెట్టు దగ్గర కొలిచి సర్దుకుంటే చాలు. మూడు అంకెలతో అయ్యే పనికి 28 అంకెల పట్టిక ఎందుకని నా వాదన. సీవీ 67 నుంచి 94 దాకా ఒక్కో మెట్టుకు ఒక్కో గడి ఉంటుంది. మోటర్ల స్వభావం మరీ వేరుగా ఉండి, చివరలూ నడుమా కలిసినా 7వ మెట్టు దగ్గరో 21 దగ్గరో విడిపోతుంటే అప్పుడు పట్టికలోకి దిగాలి. జేఎంఆర్‌ఐ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లోని డీకోడర్‌ప్రోలో ఆ 28 గడులూ గీతలుగా కనిపిస్తాయి, జరిపితే వేగం పెరిగే తీరు మారుతుంది. ఆ సాఫ్ట్‌వేర్ నాకు ఇష్టమే, ప్రతి ఇంజన్ అంకెలూ అందులోనే దాచుకుంటాను.

పట్టిక దగ్గర ఒక గొయ్యి ఉంది. నేను అందులో పడి ఒక ఆదివారం మొత్తం పోగొట్టుకున్నాను. వాడిన ఇంజన్ ఒకటి కొన్నాను. సీవీ 5 ఎంత తగ్గించినా వేగం తగ్గడం లేదు. డీకోడర్ పోయిందనుకుని టెన్షన్ పడ్డాను. చివరికి సీవీ 29 చదివితే 54 అని వచ్చింది. అది కొన్ని అంకెల కూడిక: 28 లేదా 128 మెట్ల పద్ధతికి 2, పాత రకం కరెంటు మీద కూడా నడవడానికి 4, పెద్ద నంబరుకు 32. ఇవి కలిపితే 38. మిగిలిన 16, "పట్టిక వాడు" అనే ఆజ్ఞ. ఆ 16 ఉన్నంతసేపు నా డీకోడర్ సీవీ 2, 5, 6లను పట్టించుకోలేదు. 38 రాయగానే బండి మాట వింది. వాడిన ఇంజన్ కొన్నవాళ్ళు ముందు 29 చదవండి.

ఇంకొకటి, జతలో ఇంజన్లు తరచుగా వెన్నుకు వెన్ను ఉంటాయి. ఒకటి ముందుకు నడుస్తుంటే ఇంకొకటి తన లెక్కలో వెనక్కి నడుస్తుంది. చిన్న మోటర్లు రెండు దిక్కుల్లో ఒకే వేగంతో తిరగవు. బ్రష్షులు ఒక వైపుకు అలవాటుపడి కూర్చుంటాయి, షాఫ్ట్ అటూఇటూ వెంట్రుకవాసి జరిగి వర్మ్ ఒరిపిడి మారుతుంది. కాబట్టి ఎర్రదాని ముందు నడకను నీలిదాని వెనక నడకతో కొలవాలి. ముందు నడకకు సీవీ 66, వెనక నడకకు సీవీ 95 ఉన్నాయి. రెండింటిలోనూ 128 అంటే మార్పు లేదని అర్థం. ఇవి లేని డీకోడర్లూ ఉన్నాయి, ఉన్నవాటిలో కూడా కొన్ని పట్టికతోనే పనిచేస్తాయి. ఇక కొలిచేటప్పుడు సీవీ 3, 4 సున్నా చేయండి. వేగం మెల్లగా పుంజుకోవడం, మెల్లగా తగ్గడం అవి చూస్తాయి కాబట్టి, అవి ఉంటే కొలత తప్పుతుంది.

బ్యాక్ ఈఎంఎఫ్ గురించి చెప్పకుండా ముగించలేను, వైండింగ్ పనివాడిగా నాకు అన్నిటికంటే నచ్చింది అదే. తిరుగుతున్న మోటర్‌కు ఒక్క క్షణం కరెంటు ఆపితే అది డైనమోగా మారి తానే వోల్టేజీ పుట్టిస్తుంది. ఆ వోల్టేజీని బట్టి ఎంత వేగంతో తిరుగుతోందో తెలుస్తుంది. డీకోడర్ క్షణక్షణం అలా ఆపి, చదివి, తగ్గితే పెంచి, పెరిగితే తగ్గిస్తుంది. ఒంటరి ఇంజన్ ఎత్తు ఎక్కినా దిగినా ఒకే వేగంతో పోవడానికి కారణం ఇదే. అయితే జతలో ఇది రెండో వర్మ్ గేరు. చక్రం లొంగదు, ఇప్పుడు మోటరూ లొంగనంటుంది. అందుకని నా జతల్లో పాకుడు వేగాల్లో దాన్ని ఉంచి, డీకోడర్ ఒప్పుకున్న చోట పై వేగాల్లో పట్టు సడలిస్తాను. పూర్తిగా తీసేయమనేవాళ్ళున్నారు. తీసేస్తే కింది చివర కదలిక చెడుతుంది, జత బయలుదేరేదే అక్కడ కాబట్టి నేను తీయను.

ఎంత దగ్గరికి వస్తే చాలు? నా గుండ్రటి దారి ఎనిమిది మీటర్లు. రెండింటినీ విడిగా, ఒకే దిక్కున, మధ్యలో కొంత ఎడంతో వదులుతాను. ఒక చుట్టు తిరిగేసరికి ఆ ఎడం జానెడు లోపు మారితే చాలంటాను. అంటే 3 శాతం లోపే. నడుమ వేగాల్లో ఆ పాటి తేడా రావడం వల్ల ఇంతవరకు నా బండి పట్టాలు దిగలేదు. కింది మూడు మెట్లలో మాత్రం జానెడు కూడా ఒప్పుకోను.

పోయిన వారం మేనల్లుడు ఫోన్ చేశాడు. "మామా, నీ ఎర్రదాని అసొంటి ఇంజనే దొరికింది. డీకోడర్ గూడ అదే. నీ సీవీలు పంపు, అవే ఎక్కిస్త."

పంపలేదు. ఆ అంకెలు ఆ ఒక్క మోటర్‌వి, నేను కడిగిన ఆ గేరు పెట్టెవి, మా రేకుల గది సాయంత్రానివి. "ఇంజన్ పట్టుకొని రా బిడ్డా, శనివారం రాత్రికి వస్తే ఆదివారం కూర్చుందాం" అన్నాను. వచ్చాడు. గ్రీజు మార్చాం, ఇరవై నిమిషాలు నడిపాం. స్టాప్‌వాచ్ వాడి చేతికే ఇచ్చాను. వాడి ఇంజన్ మీటరుకు 46 సెకన్ల దాకా నున్నగా పాకింది. అంటే మా ఎర్రదానికంటే తొందరది, కింద అదే పెద్ద. ఎర్రదాని సీవీ 2ను రెండు అంకెలు పెంచాం. సాయంత్రం ఏడింటికి జత కట్టి మొదటి మెట్టు ఇచ్చాం. రెండు ఇంజన్ల మధ్య కొక్కేల దగ్గర టార్చ్ పట్టుకుని వంగి చూశాడు. కొక్కేల మధ్య ఉన్న సన్నటి సందు బిగుసుకోలేదు, మూసుకోలేదు. మొదటి చుక్క నుంచి రెండో చుక్క దాకా అలాగే ఉంది.